అమ్మీ వినని గొంతు

తొర్రూరు సినిమా హాల్లో గుల్షన్ నటించిన సినిమా ఆడినప్పుడల్లా, ఆమె తల్లి పక్కన కూర్చున్నవాళ్ళకు ఒక పని ఉండేది. తెర మీద గుల్షన్ కనిపించగానే "ఇగో, వచ్చింది" అని, పోగానే "పోయింది" అని ఆ ముసలమ్మ చెవిలో చెప్పాలి. మేమంతా అమ్మీ అని పిలిచే ఆమెకు చూపు పోయింది. షుగరు ముందు ఒక కన్ను తిన్నది, తర్వాత రెండోదీ తిన్నది. చెప్పే పని ఎక్కువగా నా మీదే పడేది. గుల్షన్ తన సినిమా చూడటానికి లోపలికి వచ్చేది కాదు. తల్లిని మా చేతికి అప్పజెప్పి బయట సోడా బండి దగ్గర నిలబడేది.

నా పేరు సాంసన్. మాది జనగామ. హార్మోనియం చర్చిలో నేర్చుకున్నాను, అన్నం మాత్రం నాటకాల్లో తిన్నాను. మా పాస్టరుగారికి ఇది చివరిదాకా మింగుడు పడలేదు. శనివారం రాజుగారి పద్యం వాయించిన వేళ్ళతో ఆదివారం ప్రభువు పాట వాయిస్తావా అనేవాడు. పెట్టె ఒక్కటే ఉంది పాస్టరుగారూ, ఇంకోటి కొనిపెట్టండి అనేవాణ్ణి. ఆ పెట్టెతోనే గుల్షన్ బేగం వెంట ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాను. ఆమె గురించి పత్రికల్లో ఎవరూ రాయలేదు. రాస్తారని ఎదురుచూసి విసుగొచ్చి నేనే మొదలుపెట్టాను.

ఆమె తండ్రి అక్తర్ తొర్రూరు బస్టాండు వెనక దర్జీ. నాటకాల వాళ్ళకు మఖ్మల్ అంగీలు, రాణుల పావడాలు, తెరలు కుట్టేవాడు. కొలతకు ఆడ మనిషి దొరక్క, కుట్టిన ప్రతి రాణి బట్టనూ కూతురికే వేసి చూసేవాడు. ఒకసారి ఊళ్ళో నాటకం పెట్టారు, హార్మోనియం నాదే. రాణి వేషానికి రావలసిన ఆర్టిస్టు బస్సు దిగలేదు. జనం నిండారు. నాటకం పెట్టించిన పెద్దమనిషి అక్తర్ దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. రాణి బట్టలు సరిగ్గా సరిపోయే మనిషి ఊరంతా వెతికినా ఒక్కతే ఉంది. ఆమెకు ఆ నాటకం పద్యాలన్నీ వచ్చు, ఎందుకంటే రిహార్సళ్ళు జరిగింది ఆ దుకాణం అరుగు మీదనే.

చుట్టాలు గొడవ చేశారు. అక్తర్ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నేను గిన్ని దినాలు కష్టపడి కుట్టిన బట్ట, దండెం మీద ఏలాడాల్నా? ఏస్కుంటది నా బిడ్డ." అమ్మీ మాత్రం ఒక షరతు పెట్టింది. గుల్షన్ ఎక్కడ వేషం కట్టినా తను వెంట వస్తుంది, తెర వెనక కూర్చుంటుంది. షరతు మీద షరతు పోస్టరు వాళ్ళు పెట్టారు. పురాణ నాటకంలో రాణికి గుల్షన్ బేగం అనే పేరేమిటి, జనం ఏమనుకుంటారు అని సరోజ అని అచ్చు వేశారు. అడిగినవాళ్ళు లేరు, ఒద్దన్నవాళ్ళూ లేరు. అట్లా మా గుల్షన్ సరోజ అయింది.

ఆ కాలం నాటకాలు ఎట్లా ఆడేవారో ఇప్పటి పిల్లలకు తెలియదు. పంటలు ఇంటికొచ్చాక ఊళ్ళో మగవాళ్ళు ఒక మాస్టారును పెట్టుకుని నెలల తరబడి పద్యాలు నేర్చుకునేవారు. ఎరువుల దుకాణం ఆయన రాజు, పోస్టుమాన్ మంత్రి, వడ్లు కొనే సేటు ముని. ఆడ వేషాలకు మాత్రం బయటి నుంచి ఆర్టిస్టును పిలిపించేవారు. ఆమె ఆటనాడు పొద్దున బస్సు దిగుతుంది. తన మొగుడి వేషం ఎవరిదో కూడా తెలియదు. మధ్యాహ్నం నా పెట్టె దగ్గర కూర్చుని ఏ శ్రుతిలో పాడతారో కనుక్కుంటుంది, అంతే. రిహార్సల్ లేదు. అందుకని ఆమెకు తన మాటలతో పాటు అందరి మాటలూ రావాలి. ఎవరు ఎక్కడ మరిచిపోతారో ముందే కనిపెట్టాలి.

నర్సింహులపేటలో రాజుగారు పద్యం రెండో పాదంలోనే ఆగిపోయాడు. గుల్షన్ ఏడుస్తూ వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడి, కింది నుంచే మూడో పాదం అందించింది. ఆయన అందుకున్నాడు. మళ్ళీ ఆగాడు, మళ్ళీ కాళ్ళ మీద పడింది. ఆట అయ్యాక ఆ రాజు నా దగ్గరికొచ్చి మీసం దువ్వుకుంటూ, "ఏమన్న గానీ సాంసన్, రాణికి నా మీద భక్తి జర ఎక్కువున్నది" అన్నాడు. గుల్షన్ విని నవ్వలేక చచ్చింది.

అమ్మీ మాట నిలబెట్టుకుంది. ప్రతి ఆటకూ వచ్చింది. తెర వెనక బట్టల ట్రంకు మీద కూర్చుని కూతురి గొంతు వినేది. చూపున్న రోజుల్లో కూడా తెర తొలగించి చూసేది కాదు, వినేది. రాణి రాజ్యం పోగొట్టుకుని అడవిలో ఏడుస్తుంటే అమ్మీ నాకు సైగ చేసి, "పిల్లకు ఆకలైతున్నది, గీ సీను అయినంక చాయ్ పంపు" అనేది. నిజమే అయ్యేది. గొంతులో జ్వరం కనిపెట్టేది, అలక కనిపెట్టేది. చూపు పోయాక కూడా ఆమెకు లోటు తెలియలేదు. కూతుర్ని చూసుకునే దారి చెవుల్లోనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ళ వాడలో అన్ని కులాలవాళ్ళూ ఉండేవారు. ఎవరింట్లో మనిషి పోయినా అమ్మీ చిన్న గుల్షన్‌ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. మా దిక్కున ఆడవాళ్ళు శోకం పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, చేసిన మేలూ పెట్టిన బాధా రాగం తీసి చెప్పుకుంటారు. అట్లా ఏడుస్తున్న మనిషి దగ్గరికి ఇంకో ఆడది వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసి, తనూ అందుకుని ఏడవాలి. ఊరికే చూస్తూ కూర్చోవడం తప్పు. "ఏడ్సేదాన్ని ఒక్కదాన్ని ఏడ్వనియ్యొద్దు" అని అమ్మీ బిడ్డకు నేర్పింది. ఇంట్లో దఖనీ ఉర్దూ, వాడలో తెలంగాణ మాట, స్టేజీ మీద పుస్తకాల తెలుగు. మూడింటిలోనూ ఏడవడం వచ్చిన మనిషి గుల్షన్.

టీవీలు వచ్చాయి, నాటకాలు తగ్గాయి. ఎవరో చెప్పగా హైదరాబాద్‌లో సినిమా మేనేజర్లను కలిసింది. వేషాలు దొరికాయి. పనిమనిషి, పూలమ్మే మనిషి, పెళ్ళిలో ఏడ్చే పక్కింటావిడ. ఒక సీను, రెండు సీన్లు. అట్లా చాలా సినిమాలు చేసింది. మొదటి సినిమా తొర్రూరు వచ్చినప్పుడు వాడంతా వెళ్ళాం. తెర మీద గుల్షన్ నోరు తెరిచింది, వేరే ఎవరిదో గొంతు వచ్చింది.

సినిమాల్లో అది మామూలు. షూటింగులో చిన్న ఆర్టిస్టులు చెప్పిన మాటలు గుర్తుకోసమే రికార్డు చేస్తారు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో వేరేవాళ్ళు కూర్చుని పెదాల కదలికను బట్టి మాట చెబుతారు. పెద్ద ఆర్టిస్టులనైతే పిలిపించి వాళ్ళ చేతనే చెప్పిస్తారు. చిన్నవాళ్ళను పిలవరు. అందులోనూ గుల్షన్ మాటలో యాస ఉందని ఒక్కసారీ పిలవలేదు. నేను "ఇగో వచ్చింది" అంటే అమ్మీ తల ఇటూ అటూ తిప్పి, "ఏది? వినబడ్తలేదు" అనేది. ఇంటికి పోయేటప్పుడు మాత్రం కూతురితో "మంచిగ చేసినవ్ బేటా" అనేది. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

ఆ పైన ఒక సినిమా వచ్చింది, అదీ అసలు దెబ్బ. గుల్షన్‌ది పనిమనిషి వేషం. మన యాసలో మాట్లాడే పనిమనిషి. షూటింగులో ఆమె మా తొర్రూరు మాట మామూలుగా, మర్యాదగా మాట్లాడింది. డబ్బింగ్‌లో ఎవరో ఆ మాటను సాగదీసి, ముక్కుతో పలికి, ప్రతి మాటకూ వెకిలి నవ్వు తగిలించారు. హాలు పకపకా నవ్వింది. మన హాలే, మన మనుషులే. నా పక్కన అమ్మీ కూడా నవ్వింది. కొంగుతో నోరు తుడుచుకుంటూ, "ఎవరు సాంసన్ గీమె? పిచ్చిదా?" అంది.

ఆ సీను అయ్యాక అమ్మీయే అడిగింది. "గుల్షన్ ఇంక రాలేదా?"

బయటికొచ్చాక గుల్షన్ సోడా బండి దగ్గర నా మొహం చూసి, "ఏమన్నది అమ్మీ?" అని అడిగింది. చెప్పాను. దాచి ఏం లాభం? ఆమె ఏడవలేదు. తల్లి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి ఇంటికి నడిపించుకుపోయింది. నాకు మాత్రం ఆ సినిమా తీసినవాళ్ళ మీద ఇప్పటికీ కోపం ఉంది.

అప్పటికే తెలంగాణ ఉద్యమం మళ్ళీ రాజుకుంది. రోడ్ల మీద వంటా వార్పూ, రైలు పట్టాల మీద బైఠాయింపులు, ఊరూరా ఆటపాట. గుల్షన్ నా పెట్టెతో పాటు ప్రతి సభకూ వచ్చింది. జనగామలో హైవే మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్న రోజు, ఆమె స్టేజీ ఎక్కి పాట అందుకోబోయింది. సురేందర్ అని డిగ్రీ కాలేజీ కుర్రాడు, ఉద్యమంలో ముందుండేవాడు, కింది నుంచి లేచాడు.

"అక్కా, నువ్వు పాడకు. సినిమాల మన మాటను ఎక్కిరించినోళ్ళల్ల నువ్వొకదానివి. మా అవ్వ గసొంటి మాటలే మాట్లాడ్తది. నువ్వు మాట్లాడ్తుంటె హాలంత నవ్విన్రు."

వంట చేస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు. గరిటెలు కూడా ఆగాయి. నేను పెట్టె మీద చెయ్యి తీసి ఆ కుర్రాణ్ణి తిట్టబోయాను. గుల్షన్ ఒద్దని సైగ చేసింది.

"తమ్మీ, ఆ మొఖం నాదే. మాట నాది గాదు," అంది. "నా గొంతు తీసి పారేసిన్రు. మా అమ్మీనే నన్ను గుర్తు పట్టలే. నువ్వెట్ల పడ్తవ్?"

"మరెందుకు చేసినవ్ అక్కా?"

"బతుకుడు కోసం చేసిన. ఇగ చెయ్య. గీ జనగామ రోడ్డు మీద అందరి ముందట చెప్తున్న. నా గొంతు లేని సినిమాల నా మొఖం గూడ ఉండది."

చెప్పి పాట ఎత్తుకుంది. గొంతు మొదట వణికింది, రెండో చరణానికి నిలబడింది. సురేందర్ కూర్చోలేదు. నిలబడే విని, పాట అయ్యాక ఆమెకు తనే విస్తరి వేసి అన్నం పెట్టాడు.

మాట చెప్పడం సులువే, నిలబెట్టుకోవడమే కష్టం. మేనేజర్లు ఫోన్ చేస్తే "డబ్బింగ్ నేనే చెప్తా సార్" అనేది. అవతల నవ్వేవారు. "సరోజగారూ, మీకెందుకండీ ఈ పట్టుదల, షూటింగుకు వచ్చి రెండు ముక్కలు చెప్పేసి వెళ్ళక" అని ఒకాయన అన్నాడు. ఆ రెండు ముక్కలూ వేరేవాళ్ళ చేతనే చెప్పించుకోండి అని ఫోన్ పెట్టేసింది. ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. తండ్రి పోయినప్పటి నుంచి మూలన ఉన్న కుట్టు మిషను తుడిచి, జాకెట్లూ ఉద్యమం జెండాలూ కుట్టడం మొదలుపెట్టింది. నేనే ఒకసారి మెత్తబడి, ఒక్క వేషమైనా ఒప్పుకోరాదా అన్నాను. మిషను ఆపకుండా, "నువ్వు నీ పెట్టెను ఇంకొకనికిచ్చి వాడు వాయిస్తుంటె స్టేజీ మీద చేతులూపుతవా అన్నా?" అంది. మళ్ళీ అడగలేదు.

అప్పుడు కల్యాణ్ వచ్చాడు. మానుకోట కుర్రాడు, సినిమాల్లో అసిస్టెంటుగా పనిచేసి మొదటిసారి డైరెక్టర్ అవుతున్నాడు. భూపాలపల్లిలో బొగ్గు బావి కార్మికుడి భార్య, ఉద్యమంలోకి వెళ్ళిన కొడుకు ప్రాణంతో తిరిగి రాలేదు, ఆ తల్లి కథ. సినిమా అంతా ఆ తల్లే ఉంటుంది. ముప్పై ఏళ్ళలో గుల్షన్‌కు ఒక కథ మొత్తం మోసే వేషం రావడం అదే మొదలు.

"గొంతు?" అని అడిగింది.

"నీదే అక్కా. మాటిస్తున్న."

"నువ్విస్తె సాలది. పైసలు పెట్టేటాయన ముందట అను."

నిర్మాత ఊళ్ళో లేడు. ఫోన్ స్పీకరులో పెట్టి అడిగించింది. ఆయన "అలాగేనమ్మా, అలాగే" అన్నాడు. ఆ రెండో అలాగే నాకు నచ్చలేదు. ఆమెకూ నచ్చలేదని తర్వాత తెలిసింది.

భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో షూటింగు. వెనక కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు కనిపించే వీధిలో ఒక ఇల్లు తీసుకున్నారు. కొడుకు శవం ఇంటికొచ్చే సీనుకు హైదరాబాద్ నుంచి బస్సు నిండా ఆడవాళ్ళను తెప్పిస్తామన్నారు. గుల్షన్ కల్యాణ్‌ను పక్కకు పిలిచి, "వాళ్ళెందుకు? ఈ ఊరోళ్ళను, తండాలోళ్ళను పిల్వు. శవం ఇంటికి ఎట్ల రావాల్నో వాళ్ళకు ఎరికనే" అంది. కల్యాణ్ సరే అన్నాడు. అట్లా వీధి ఆడవాళ్ళూ, పక్క తండా నుంచి మోతీ అనే లంబాడ ఆమె తన వాళ్ళను వెంటేసుకునీ వచ్చారు.

అసిస్టెంటు వాళ్ళకు జాగ్రత్తలు చెప్పాడు. వరసగా కూర్చోవాలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలి, కదలొద్దు, శబ్దం చేయొద్దు. అందరూ తలూపారు. కెమెరా తిరిగింది. నేను లైట్ల వెనక నిలబడ్డాను.

గుల్షన్ ముందు మెల్లగా మాట్లాడింది, నిద్రపోతున్న కొడుకును లేపుతున్నట్టు. తర్వాత రాగం ఎత్తింది. అది స్టేజీ మీది రాణి ఏడుపు కాదు. చిన్నప్పుడు అమ్మీ చెయ్యి పట్టుకుని వెళ్ళిన ఇళ్ళల్లో విన్న ఏడుపు. కొడుకు తిన్న అన్నం, తినకుండా లేచిన అన్నం, చింపుకొచ్చిన అంగీ, తను కోపంలో అన్న మాట, అన్నీ ఒక్కొక్కటిగా రాగంలోకి వచ్చాయి. రెండో వరసలో మోతీ కదిలింది. అసిస్టెంటు కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆమె అతన్ని చూడనే లేదు. లేచి వచ్చి గుల్షన్ మెడ చుట్టూ చేతులు వేసి, తన తండా భాషలో అందుకుంది. ఆ వెనకే ఇంకొకామె, ఇంకొకామె. కాసేపట్లో వాకిలి నిండా ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. ఎవరి ఇంట్లో పోయినవాళ్ళను వాళ్ళు తలుచుకుంటున్నారు.

కల్యాణ్ "కట్" అన్నాడు. ఎవరూ ఆగలేదు. అసిస్టెంటు పరుగెత్తి మధ్యలోకి పోయి "అయిపోయింది, ఆపండి" అని అరిచాడు. ఒక ముసలామె కన్నీళ్ళు కారుతుండగానే అతన్ని కసిరింది. "ఏడ్సేదాన్ని నడిమిట్ల ఆపుతార్రా? పాపం తగుల్తది. పో అవతలికి!"

కెమెరామన్ తెలివైనవాడు, ఆపలేదు. మైకు అబ్బాయీ ఆపలేదు. ఏడుపు దానంతట అది చల్లారిందాకా తీశారు.

అంతా అయ్యాక మోతీ గుల్షన్ పక్కనే కూర్చుని మొహం తుడుచుకుంటూ, "అక్కా, నీ కొడుకు ఎన్నడు పోయిండు?" అని అడిగింది.

"నాకు పిల్లలు లేరు చెల్లె. పెండ్లే చేస్కోలే."

మోతీ నమ్మలేదు. పోయేటప్పుడు కూడా వెనక్కి తిరిగి చూస్తూ పోయింది.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ నేను అడిగాను, ఇదంతా ముందే అనుకున్నావా అని. "వాళ్ళు లేస్తరని ఎరికనే అన్నా. లెవ్వకుంట ఎట్లుంటరు?" అంది. ఆ మొహంలో నర్సింహులపేట రాజు కాళ్ళ కింద నుంచి పద్యం అందించిన నవ్వే ఉంది.

కొన్ని నెలల తర్వాత కల్యాణ్ ఫోన్ చేశాడు. నిర్మాత మాట మార్చాడట. సినిమా కొనేవాళ్ళు ఈ గొంతు, ఈ యాస ఒద్దంటున్నారట. డబ్బింగుకు వేరే ఆమెను పిలిచారట. గుల్షన్ తల్లిని పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, నన్ను వెంటబెట్టుకుని మొదటి బస్సుకు హైదరాబాద్ బయల్దేరింది.

డబ్బింగ్ థియేటర్లో నిర్మాత స్వయంగా ఉన్నాడు. "అమ్మా, మీ భాష మీద నాకు గౌరవమేనండీ. కానీ నాలుగు జిల్లాలు దాటితే వినేవాళ్ళుండాలి కదా" అన్నాడు. ఆమె అతనితో వాదించలేదు. బెంచీ మీద కూర్చుంది. "తీస్కోండ్రి సార్. నా గొంతు తీసేది నేనుండంగ తియ్యిన్రి. చూస్త" అంది.

కూర్చుంది. ఆ రోజూ, మర్నాడూ. డబ్బింగ్‌కు వచ్చినావిడ ఆంధ్ర మనిషే, పేరున్న గొంతే. మొదట ఆ ఏడుపు సీనే పెట్టారు. అక్కడ చిక్కొచ్చింది. గుల్షన్ గొంతు ఒక్కటీ తీసేద్దామంటే రాదు, మోతీ గొంతు దాన్ని చుట్టుకుని ఉంది, మిగతా వాళ్ళవి ఆ రెంటినీ చుట్టుకుని ఉన్నాయి. మొత్తం తీసేసి ఇంకో నలుగురు ఆర్టిస్టులను పిలిచి ఏడిపించారు. వాళ్ళు బాగానే ఏడ్చారు, కానీ ఒకరు ఆగాక ఒకరు, మర్యాదగా. తెర మీద వాకిలి నిండా నోళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఏడుస్తున్నాయి. ఎంత ప్రయత్నించినా కుదరలేదు. చెల్పూర్‌లో చాయ్ తాగుతూ ఆమె నవ్విన నవ్వు నాకు అప్పుడు అర్థమైంది.

చివరికి ఆవిడ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టింది. "నా వల్ల కాదండీ. అయినా ఇది నేను చెప్పకూడదు. ఆవిడ గొంతు ఉంచెయ్యండి" అంది. బయటికొచ్చి గుల్షన్ పక్కన బెంచీ మీద కూర్చుని, తన మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఇన్నేళ్ళూ డబ్బింగ్ వాళ్ళను నేను మనసులో తిట్టుకున్న తిట్లలో కొన్ని ఆ పూట వెనక్కి తీసుకున్నాను.

నిర్మాత దిగొచ్చాడు. సరే, ఆ సీనొక్కటి అలాగే వదిలేద్దాం, మిగతావి డబ్ చేద్దాం అన్నాడు. గుల్షన్ లేచి నిలబడింది.

"ఒక్క మనిషికి రెండు గొంతులుంటయా సార్? కొడుకును అన్నానికి పిల్చింది ఒకామె, కొడుకు పోతె ఏడ్సింది ఇంకొకామెనా? చూసెటోళ్ళు నవ్వుతరు."

కల్యాణ్ తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. నిర్మాత మైకు వైపు చెయ్యి చూపించాడు. ఆ మధ్యాహ్నమే గుల్షన్ మైకు ముందు నిలబడింది. సినిమా మొత్తం తనే చెప్పింది. పేర్లలో సరోజ అనే వెయ్యాలా అని కల్యాణ్ అడిగితే, "గుల్షన్ బేగం. తొర్రూరు" అంది. ఊరి పేరు వేసే పద్ధతి లేదన్నాడు. అయితే బేగం దగ్గర ఆపు అంది.

సినిమా తయారయ్యేసరికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, భూపాలపల్లిలో బొగ్గు బయటికి రావడం లేదు. సినిమా హాళ్ళు మూతపడ్డాయి. గుల్షన్ రోజూ సమ్మె శిబిరాల్లోనే ఉండేది. ఇంట్లో అమ్మీ మంచం పట్టింది. ఏమీ సరిగా తినడం లేదు. "నీ సినిమా ఎన్నడొస్తది బేటా?" అని మాత్రం అడిగేది. నాకు భయం పట్టుకుంది. కల్యాణ్‌ను అడిగి సీడీ తెప్పిస్తాను, ఇంట్లోనే వినిపిద్దాం అన్నాను.

గుల్షన్ ఒప్పుకోలేదు. "ఇంట్ల నా గొంతు రోజూ వింటనే ఉన్నది. హాల్ల వినాలె. నవ్విన హాల్లనే వినాలె."

"అమ్మీ అందాక ఉండకపోతే?" అన్నాను. అనకూడని మాటే.

"ఉంటది" అంది. వెళ్ళి తల్లికి గంజి కలిపి, నోట్లో పోసి, మింగేదాకా గడ్డం పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి శిబిరానికి పోయే ముందొకసారి, వచ్చాకొకసారి అదే పని. అమ్మీ తిట్టేది, ఉమ్మేసేది, చివరికి మింగేది. ఆ తల్లీకూతుళ్ళలో ఎవరి పంతం పెద్దదో నేను చెప్పలేను.

సమ్మె ముగిసింది. సినిమా తొర్రూరు వచ్చింది, మ్యాట్నీ. అమ్మీని రిక్షాలో హాలుకు తీసుకొచ్చాం. సోడా బండి దగ్గర గుల్షన్ ఒక్క క్షణం ఆగింది, పాత అలవాటు. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని మొదటిసారి లోపలికి నడిచింది. అమ్మీ మధ్యలో, అటు కూతురు, ఇటు నేను. సురేందర్ జనగామ నుంచి దోస్తులతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు.

దీపాలు ఆరాయి. వాకిట్లో ఒక తల్లి కనిపించింది. నేను అలవాటుగా అమ్మీ చెవి దగ్గరికి వంగి "ఇగో..." అనబోయాను. తెర మీద ఆ తల్లి, "ఓ బిడ్డా, బువ్వ సల్లారుతున్నది, రా" అని పిలిచింది. అమ్మీ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊకో సాంసన్," అంది. "నాకు ఎరికనే."

ఆ తర్వాత నాకు పని లేకపోయింది. అమ్మీ వెనక్కి ఆనుకోకుండా, మెడ చాచి వింటూనే ఉంది. ఒకచోట "జలుబు చేసింది పిల్లకు" అని గొణిగింది. గుల్షన్ చీకట్లో తలూపింది. నిజమేనట.

శవం ఇంటికొచ్చింది. రాగం మొదలైంది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. మోతీ ఇంకా లేవలేదు, తెర మీద ఆ తల్లి ఒక్కతే ఏడుస్తోంది. నా పక్క కుర్చీ కిర్రుమంది. అమ్మీ ముందు కుర్చీ పట్టుకుని, లేచి నిలబడింది. పక్కన కూతురు కూర్చుని ఉందన్న సంగతే మరిచిపోయింది. ఏడుపు వినిపిస్తున్న వైపు రెండు చేతులూ చాచి, హాలంతా వినేట్టు పిలిచింది.

"రో నక్కో గుల్షన్! మై హూఁ నా!" ఏడవకు, నేనున్నాను కదా అని.

నేను ఆమెను కూర్చోబెట్టబోయాను. గుల్షన్ నా చెయ్యి తీసేసింది. నేనిక్కడే ఉన్నాను అమ్మీ అని చెప్పలేదు. లేచి తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసి, కుర్చీల మధ్య దారిలో ఒక్కో అడుగూ వేయిస్తూ, తెర మీద ఏడుస్తున్న తన దగ్గరికి నడిపించుకుంటూ తీసుకుపోయింది.